గాయం మానేచోట కొత్త రక్తనాళాలు ఎలా పుడతాయి?

మోకాలు గట్టిగా దోక్కుపోయిన కొన్నాళ్లకు పెచ్చు ఊడితే, అడుగున ఎర్రగా, గింజలు గింజలుగా కండ కనిపిస్తుంది. కాస్త రాపిడి తగిలినా రక్తం వస్తుంది. ఆ ఎరుపు కొత్తగా పుట్టిన సన్నని రక్తనాళాలదే.

వాటిని పిలిచిందెవరు? మన కణాల్లో హిఫ్ అనే ప్రొటీన్ ఎప్పుడూ తయారవుతూనే ఉంటుంది. ఆక్సిజన్ చాలినంత ఉంటే కణం దాన్ని వెంటనే నాశనం చేస్తుంది. గాయమైన చోట ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి హిఫ్ బతికిపోయి, వీఈజీఎఫ్ అనే మరో ప్రొటీన్‌ను తయారు చేయిస్తుంది. కణాలు ఆక్సిజన్‌ను పసిగట్టే ఈ తీరును కనుగొన్న ముగ్గురికి 2019లో నోబెల్ వచ్చింది.

వీఈజీఎఫ్ దగ్గర్లోని నాళం గోడకు చేరగానే అక్కడి ఒక కణం తీగ కొసలా ముందుకు సాగుతుంది. అంతేకాదు, పక్క కణాలు తనలా ముందుకు ఉరకకుండా ఆపుతుంది! ఎంత అద్భుతమైన క్రమశిక్షణో చూడండి. వెనక కణాలు సంఖ్య పెంచుకుని గొట్టంగా మారతాయి. పని ముగిశాక థ్రాంబోస్పాండిన్ లాంటి ప్రొటీన్లు పెరుగుదలను ఆపేస్తాయి.

క్యాన్సర్ గడ్డ కూడా ఇలాగే నాళాలను రప్పించుకుంటుందని, వాటిని ఆపితే గడ్డను కట్టడి చేయవచ్చని 1971లో అమెరికా వైద్యుడు జూడా ఫోక్‌మన్ చెప్పాడు. చాలామంది నమ్మలేదు. కానీ చివరికి వీఈజీఎఫ్‌ను అడ్డుకునే బెవాసిజుమాబ్ అనే క్యాన్సర్ మందుకు 2004లో అమెరికాలోనే అనుమతి లభించింది.