ఫిల్మ్‌నగర్ సెట్టు నుంచి ధ్రువ సముద్రాల మేఘాల దాకా

ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ ప్రాంతంలోని స్టూడియోల్లో స్వర్గలోకం సెట్టుకో, కలల పాటకో నేల మీద మబ్బు పరచాలంటే డ్రై ఐస్ తెప్పిస్తారు. అది ఘనరూపంలోని కార్బన్ డయాక్సైడ్. ఉష్ణోగ్రత మైనస్ 78.5 డిగ్రీల సెల్సియస్. వేడినీళ్ల డ్రమ్ములో ముక్కలు పడగానే, కరిగి ద్రవంగా మారకుండా నేరుగా వాయువైపోతుంది. తెల్లటి పొగ బుసబుసమని పొంగి, డ్రమ్ము అంచు దాటి కిందికి జారి, నటుల పాదాలను కప్పేస్తుంది. ఆ తెలుపు కార్బన్ డయాక్సైడ్‌ది కాదు, ఆ వాయువుకు రంగే లేదు. వేడినీటి ఆవిరి ఆ చలికి సాంద్రీకరణం చెంది సూక్ష్మమైన నీటి బిందువులుగా మారింది. కెమెరా ముందున్నది అచ్చంగా మేఘమే.

వెచ్చని నీరు, చల్లని వాయువు కలిసినచోట మేఘం పుట్టే ఈ ప్రక్రియే ధ్రువ సముద్రాల మీద వందల కిలోమీటర్ల మేర సాగుతుంది. శీతాకాలంలో ఆర్కిటిక్ మంచు మీద రోజుల తరబడి నిలిచిన గాలి మైనస్ 20, మైనస్ 30 డిగ్రీలకు చల్లబడుతుంది. పీడనంలో తేడాలు ఏర్పడినప్పుడు ఆ పొడిగాలి వెల్లువలా గడ్డకట్టని సముద్రం మీదికి వచ్చిపడుతుంది. గ్రీన్‌లాండ్, స్వాల్‌బార్డ్, నార్వేల నడుమ ఉన్న సముద్రాల్లో, అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ మహాసముద్రంలో ఇది తరచుగా జరుగుతుంది. సముద్రపు నీరు గడ్డకట్టేది సుమారు మైనస్ 1.8 డిగ్రీల దగ్గర. కాబట్టి మంచు పట్టని నీరు ఎంత చల్లగా ఉన్నా ఆ గాలికన్నా చాలా వెచ్చన. ప్రతి చదరపు మీటరు నుంచి వందల వాట్ల శక్తి వేడిగానూ, ఆవిరిగానూ గాలిలోకి చేరుతుంది. నీటి మీద ముందుగా లేచేది సముద్రపు పొగ.

పుట్టుక ఒకటే అయినా ఆ తర్వాతి నడక వేరు. స్టూడియోలో కార్బన్ డయాక్సైడ్ గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు, పైగా చల్లన. అందుకే మబ్బు నేలను వదలదు. సముద్రం మీద అడుగు నుంచి వేడెక్కిన గాలి తేలికై పైకి లేస్తుంది. లేచేకొద్దీ చల్లబడి మేఘమవుతుంది. సాంద్రీకరణంలో వెలువడే గుప్తోష్ణం దాన్ని ఇంకా పైకి నెడుతుంది. గాలి కొన్ని చోట్ల లేస్తూ, పక్కనే దిగుతూ సుడులు తిరగడంతో, మేఘాలు గాలివాలున పొడవాటి సమాంతర వరుసలుగా ఏర్పడతాయి. ఉపగ్రహ చిత్రాల్లో మంచు అంచు దగ్గర సన్నగా మొదలై, దూరం పోయేకొద్దీ ఈ వరుసలు వెడల్పవుతాయి. కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత అవి విడిపోయి, నడుమ ఖాళీ, చుట్టూ మేఘం ఉన్న గదులుగా మారతాయి. మేఘం నిండుగా ఉన్నప్పుడు సూర్యకాంతి ఎక్కువగా వెనక్కి పోతుంది. గదులుగా విడిపోతే ఖాళీల గుండా ఎండ సముద్రాన్ని చేరుతుంది.

ఈ మార్పులో కీలకమైనది మంచు. నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టి తీరాలన్న నియమం మేఘాల్లో చెల్లదు. స్ఫటికానికి బీజంగా పనికొచ్చే ధూళికణం లాంటిది దొరకకపోతే, సూక్ష్మ బిందువు దాదాపు మైనస్ 38 డిగ్రీల దాకా ద్రవంగానే ఉండగలదు. అలాంటి అతిశీతల బిందువులున్న మేఘంలో కొన్ని మంచు స్ఫటికాలు ఏర్పడితే పరిస్థితి తారుమారవుతుంది. మంచు మీద సంతృప్త బాష్పపీడనం నీటి మీద కన్నా తక్కువ. అందువల్ల చుట్టూ ఉన్న బిందువులు ఆవిరవుతుంటే, ఆ ఆవిరితో స్ఫటికాలు పెరిగి, బరువెక్కి మంచుగా కురుస్తాయి. మేఘం పలచబడుతుంది.

1946లో అమెరికా శాస్త్రవేత్త విన్సెంట్ షేఫర్ ఈ మార్పును చేతులారా తెచ్చి చూపించాడు. అందుకు వాడింది డ్రై ఐసే. ఆ ఏడాది నవంబరులో విమానం నుంచి దాన్ని అతిశీతల మేఘం మీద చల్లి మంచు కురిసేలా చేశాడు. మేఘమథనానికి నాంది అదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కరువు ప్రాంతాల మీద ఈ ప్రయత్నం జరిగింది. 2009లో పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ మొదలుపెట్టిన కైపీక్స్ అనే మేఘ పరిశోధనలో మేఘాల్లోకి వెళ్లే విమానాలకు హైదరాబాద్ కూడా స్థావరమైంది. వానాకాలంలో మన నెత్తిన సుమారు ఐదు కిలోమీటర్ల ఎత్తు దాటాక అతిశీతల బిందువులుంటాయి. ధ్రువ సముద్రాల మీద శీతగాలి వీచేటప్పుడు మేఘం దాదాపు అడుగు నుంచి పైఅంచు దాకా అలాంటిదే.

ధ్రువ మేఘాల లెక్క మనకూ అవసరమే. భూమి వేడెక్కితే ఈ మేఘాల్లో మంచు తగ్గి ద్రవ బిందువులు పెరుగుతాయి. ద్రవమేఘం కాంతిని ఎక్కువగా తిప్పికొడుతుంది కాబట్టి తాపానికి కొంత పగ్గం పడుతుంది. అయితే మేఘాల్లో ఇప్పటికే ఎక్కువ ద్రవం ఉంటే ఆ పగ్గం బలహీనం. చాలా వాతావరణ నమూనాలు మంచును ఎక్కువగా, ద్రవాన్ని తక్కువగా లెక్కవేస్తున్నాయనీ, సరిచేస్తే భూతాపం ఇంకా ఎక్కువగా తేలుతుందనీ 2016లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. ఆ తర్వాత 2019 డిసెంబరు నుంచి 2020 మే వరకు నార్వే తీరంలోనూ, బేర్ ద్వీపంలోనూ రాడార్లు, లేజర్ కాంతితో కొలిచే లైడార్లతో ఈ శీతగాలి మేఘాల మీద కాంబుల్ అనే పరిశీలన సాగింది.

భారత్‌కు 2008 నుంచి స్వాల్‌బార్డ్‌లో హిమాద్రి కేంద్రం ఉంది. 2014లో అక్కడి ఫియోర్డ్ అనే ఇరుకు సముద్రపాయలో ఇండార్క్ సముద్ర పరిశీలన వ్యవస్థను దింపిన సంస్థల్లో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్ ఒకటి. భౌతికశాస్త్రం చదివే తెలుగు విద్యార్థులు ఈ రంగం వైపు చూడాలి. ధ్రువ మేఘంలో నీరెంత, మంచెంత అన్నది తేలకుండా, రాబోయే దశాబ్దాల్లో భూమి ఎంత వేడెక్కుతుందన్నది కచ్చితంగా తేలదు.