బజారుకు దారి చూపేవారు

సెప్టెంబరు నెలలో ఏ రాత్రయినా శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్ళి చూడండి. ఒక్కొక్క విద్యార్థిని సాగనంపడానికి పది పదిహేను మంది బంధువులు వచ్చి ఉంటారు. నానీ ఏదో చదివి మనవడి మీద ఊదుతూ ఉంటుంది. చేతికి ఇమామ్ జామిన్ కట్టేవారూ కనిపిస్తారు. దాని ధార్మిక ప్రామాణికత గురించి ఇక్కడ చర్చించబోము. తల్లి రెండు రోజులు పొయ్యి దగ్గర నిలబడి చేసిన మాంసం పచ్చడి, నేతి మిఠాయిలు సూట్‌కేసు అడుగున భద్రంగా ఉంటాయి. ఐరోపా సమాఖ్య దేశాలలోకి బయటి నుంచి వచ్చే ప్రయాణికులు మాంసాన్ని, పాల పదార్థాలను, వాటితో చేసిన వంటకాలను తీసుకువెళ్ళరాదన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో కస్టమ్స్ అధికారి పెట్టె తెరిపిస్తే ఆ పచ్చడి చెత్తబుట్ట పాలవుతుంది.

ఇది చిన్న విషయమే. కాని బిడ్డను పంపడానికి మనం చేసే సన్నాహాలకూ, అక్కడ ఆ బిడ్డకు నిజంగా అవసరమయ్యే సహాయానికీ మధ్య ఉన్న దూరం ఇందులోనే తెలిసిపోతుంది. పంపేవరకు ప్రాణం పెడతాము. పంపిన తరువాత ఏమి చేయాలో మనకు తెలియదు.

ఈ వ్యాసంలో మేము జర్మనీ గురించే మాట్లాడుతున్నాము. మన పిల్లలు ఇప్పుడు ఎక్కువగా అడుగుతున్న దేశాలలో అది ఒకటి. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో చాలా వాటికి బోధనా రుసుము లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం మాత్రం 2017 నుంచి ఐరోపా సమాఖ్యకు చెందని విద్యార్థుల వద్ద సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటోంది. 2023-24లో జర్మనీలో చదువుతున్న భారతీయ విద్యార్థుల సంఖ్య 49 వేలు దాటింది. అక్కడి విదేశీ విద్యార్థులలో మనదేశం వారిదే మొదటి స్థానం. వారిలో తెలుగువారు, తెలుగు ముస్లిం కుటుంబాల పిల్లలు కూడా ఉన్నారు.

మదీనా చరిత్రలోని ఒక సంఘటన మన పాఠకులకు తెలిసినదే. మక్కా నుంచి కట్టుబట్టలతో వచ్చిన ముహాజిర్లకు, మదీనావాసులైన అన్సార్లకు మధ్య దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) సోదర బంధాన్ని ఏర్పరచారు. హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన సోదరుడైన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు తన సంపదలో సగం ఇవ్వజూపారు. ఆయన కృతజ్ఞతతో దానిని నిరాకరించి, బజారుకు దారి ఎటో చూపమని మాత్రమే అడిగారు. ఆ తరువాత ఎండబెట్టిన పెరుగు, నెయ్యి అమ్ముకుంటూ తన కాళ్ళ మీద తాను నిలబడ్డారు. పరదేశంలో అడుగుపెట్టిన మన విద్యార్థి అడిగేదీ ఇంచుమించు అదే. అతడికి ఎవరి సగం ఆస్తీ అక్కరలేదు. దారి తెలిసినవారు ఒకరుంటే చాలు.

ముందు డబ్బు సంగతి. ఎందుకంటే తొలి తప్పటడుగు పడేది ఇక్కడే. రుసుము లేదు అన్న మాట వినగానే చదువు ఉచితమనుకునే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. జర్మనీ వీసా కోరే విద్యార్థి, ఏడాది జీవన వ్యయాన్ని ముందుగానే బ్లాక్డ్ అకౌంట్‌లో జమ చేసి చూపడం సాధారణ పద్ధతి. 2024 సెప్టెంబరు నుంచి ఆ మొత్తం 11,904 యూరోలు. మన లెక్కలో పదకొండు, పన్నెండు లక్షల రూపాయలు. అందులోంచి నెలకు 992 యూరోలు మాత్రమే విద్యార్థి చేతికి వస్తాయి. మ్యూనిక్ వంటి నగరంలో గది అద్దెకే దానిలో అధిక భాగం పోతుంది; ఆరోగ్య బీమాకు నెలకు సుమారు 140 యూరోలు కట్టాలి. ఇదిగాక మన దేశపు పట్టాలను పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ ధ్రువపత్రం 2022 నవంబరు నుంచి తప్పనిసరి అయింది.

బ్యాంకులో నిల్వ చూపించడానికి రెండు నెలల కోసం వడ్డీకి అప్పు తెచ్చే అలవాటు మన పట్టణాలలో ఉంది. కొందరు కన్సల్టెన్సీవారే ఆ అప్పు ఇప్పిస్తారు. బ్లాక్డ్ అకౌంట్ విషయంలో ఈ ఎత్తు పారదు. డబ్బు నెలనెలా కొద్దికొద్దిగానే బయటికి వస్తుంది కనుక అప్పు వెంటనే తీర్చడం కుదరదు, వడ్డీ మాత్రం పెరుగుతూ ఉంటుంది. హరామ్ అన్న బాధ ఒకవైపు, తీరని భారం మరొకవైపు. మేము నిర్మొహమాటంగా ఒక మాట చెప్పదలచాము. జర్మనీకి వెళ్ళడం ఎవరికీ ఫర్జ్ కాదు. వడ్డీకి దూరంగా ఉండడం ఫర్జ్. ఒక సంవత్సరం ఆగి సొమ్ము కూడబెట్టుకుని వెళ్ళినవాడు వెనుకబడినట్లు కాదు.

తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ విద్యార్థుల కోసం 2015లో ప్రారంభించిన ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పథకం కింద అర్హులకు 20 లక్షల రూపాయల వరకు లభిస్తుంది. అయితే ఆ సొమ్ము విడతలుగా వస్తుంది. మొదటి విడతకు విద్యార్థి ఆ దేశం చేరిన ఆధారం చూపాలి, రెండవ విడతకు మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపాలి. అంటే విమానం ఎక్కడానికి ముందు కావలసిన సొమ్ము కుటుంబమే సమకూర్చుకోవాలి. ఖర్జె హసనాకు అసలైన అవసరం ఈ మధ్య కాలంలోనే ఉంది. నలుగురు స్థితిపరులు ఉన్న ప్రతి మహల్లాలోనూ మస్జిద్ కమిటీ పూనుకుంటే, స్కాలర్‌షిప్ అందగానే తిరిగి చెల్లించే షరతుతో, వ్రాతపూర్వకంగా, సాక్షుల ఎదుట ఇటువంటి రుణం ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. ఇక జకాత్ విషయానికి వస్తే, దివ్య ఖుర్ఆన్ తౌబా సూరాలో పేర్కొన్న ఎనిమిది వర్గాలలో రుణగ్రస్తులు, బాటసారులు కూడా ఉన్నారు. స్వస్థలంలో ఆస్తి ఉన్నా దారిలో నిస్సహాయుడైనవాడిని కూడా ధర్మవేత్తలు బాటసారిగానే పరిగణించారు. ఏ విద్యార్థి ఏ స్థితిలో దీని కిందికి వస్తాడో మీ ప్రాంతపు ముఫ్తీ గారిని అడిగి తెలుసుకోవాలి.

డబ్బు సమకూరి, వీసా వచ్చి, విమానం దిగిన తరువాత తొలి ఆరు వారాలు అన్నిటికంటే కఠినమైనవి. ఇల్లు దొరికి అందులో చేరిన రెండు వారాలలోగా నగర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన పత్రం కావాలి. ఆ నమోదు లేనిదే మిగతా పనులు ఒక్కొక్కటిగా ఆగిపోతాయి. విద్యార్థి సంక్షేమ సంస్థలు నడిపే వసతి గృహాలు చౌక. కాని పెద్ద నగరాలలో వాటికోసం నెలల తరబడి వేచి ఉండవలసి వస్తుంది. ఈ తొందరలోనే మోసగాళ్ళు ప్రవేశిస్తారు. అందమైన గది ఫొటో పంపి, తాను వేరే దేశంలో ఉన్నానని చెప్పి, తాళం చెవి కొరియర్‌లో పంపుతానని నమ్మించి ముందే అడ్వాన్సు వసూలు చేస్తారు. గది కళ్ళారా చూడకుండా, లేదా మనవాడెవరైనా చూసి చెప్పకుండా, ఒక్క యూరో కూడా పంపరాదు. చట్టం ప్రకారం అడ్వాన్సు మూడు నెలల అద్దెకు మించకూడదు.

మరొక వింత చిక్కు ఉత్తరాలది. మన దేశంలో సమస్తం ఫోనులోకి వచ్చేసింది. జర్మనీలో బీమా సంస్థ, నగర కార్యాలయం, బ్యాంకు ఇప్పటికీ తపాలా పెట్టెలోనే మాట్లాడతాయి, అదీ జర్మన్ భాషలో. ప్రభుత్వ రేడియో, టెలివిజన్‌ల కోసం ప్రతి ఇంటి నుంచి నెలకు 18.36 యూరోలు వసూలు చేస్తారు. టీవీ లేదుగదా అని ఆ ఉత్తరాన్ని పక్కన పెట్టిన విద్యార్థికి కొన్ని నెలల తరువాత జరిమానాతో సహా నోటీసు వస్తుంది. తరగతులు ఆంగ్లంలో జరుగుతాయన్న ధైర్యంతో జర్మన్ నేర్చుకోకుండా వెళ్ళడం ఎంత పొరపాటో అప్పుడు తెలిసివస్తుంది.

దీన్ విషయంలో తల్లిదండ్రుల భయాలు సహజం. కాని మేము విన్నంతవరకు విద్యార్థులకు ఎదురయ్యే చిక్కులు తల్లిదండ్రులు ఊహించేవి కావు. డిసెంబరు చివర బెర్లిన్‌లో ఎనిమిదింబావుకు సూర్యుడు ఉదయిస్తాడు, నాలుగు గంటలకు ముందే అస్తమిస్తాడు. జుహర్, అస్ర్, మగ్రిబ్ మూడూ ఒకే మధ్యాహ్నపు తరగతుల మధ్య ఇరుక్కుంటాయి. జూన్‌లో దీనికి పూర్తిగా విరుద్ధం. ఇషా కోసం అర్ధరాత్రి వరకు మేలుకోవాలి, ఫజ్ర్ ఆ వెంటనే వస్తుంది. ప్రయోగశాలలో ఉన్నప్పుడు ఏ మూల నమాజు చేసుకోవచ్చో, తన ఊరి మస్జిద్ ఏ కాలపట్టికను అనుసరిస్తుందో చెప్పే సీనియర్ ఒకడు ఉంటే ఈ చిక్కు వారంలో తీరుతుంది. లేకపోతే నమాజు ఒక్కొక్కటిగా జారిపోతుంది. రాబోయే సంవత్సరాలలో రంజాన్ అక్కడ చలికాలంలోనే వస్తుంది. 2030లోనైతే జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర మరొకసారి మొదలవుతుంది. పగలు చాలా పొట్టివి కనుక ఉపవాసం తేలికే. ఇఫ్తార్‌కు తోడు లేకపోవడమే కష్టం.

ఆ తోడు వెతుక్కోవడానికి ఒక మంచి రోజు ఉంది. 1997 నుంచి ఏటా అక్టోబరు 3న జర్మనీ అంతటా వందలాది మస్జిద్‌లు అందరికీ తలుపులు తెరచి అతిథులను ఆహ్వానిస్తాయి. చలికాలపు సెమిస్టర్ మొదలయ్యేదీ ఆ నెలలోనే. అక్కడి మస్జిద్‌లలో అధిక భాగం, 1961 ఒప్పందం తరువాత కార్మికులుగా వచ్చిన తుర్కీ కుటుంబాలు నిర్మించుకున్నవి. కొన్ని చోట్ల ఖుత్బా భాష అర్థం కాదు. అయినా సలాం అర్థమవుతుంది, టీ గ్లాసు అర్థమవుతుంది; హలాల్ మాంసం ఏ దుకాణంలో దొరుకుతుందో, ఏ మిఠాయిలో పంది జిలెటిన్ ఉంటుందో వారు చెబుతారు. విశ్వవిద్యాలయ భోజనశాలలలో పంది మాంసం, మద్యం కలిసిన వంటకాలకు గుర్తులు పెడతారు కనుక అక్కడ అంత ఇబ్బంది ఉండదు.

ఇప్పుడు మేము అసలు చెప్పదలచుకున్న సంగతికి వస్తున్నాము.

మాకు పరిచయమున్న ఒక కుటుంబం గుంటూరులో ఉంటుంది. తండ్రికి దర్జీ దుకాణం. కుమారుడు ఇంజనీరింగ్ మాస్టర్స్ కోసం జర్మనీ వెళ్ళాడు. మొదటి ఏడాదిలో ఒక ముఖ్యమైన పరీక్ష రెండుసార్లు తప్పాడు. అక్కడ చాలా విశ్వవిద్యాలయాలలో ఒక పరీక్షకు రెండు లేదా మూడు అవకాశాలే ఉంటాయి. అన్నీ పోతే ఆ కోర్సులో కొనసాగడమే కుదరదు. ఈ సంగతి అతడు ఇంట్లో చెప్పలేదు. ప్రతి ఆదివారం ఫోనులో అమ్మీ అడిగే ప్రశ్నలకు ఒకటే జవాబు, అల్‌హందులిల్లాహ్, అంతా బాగుంది. అబ్బా ప్రతిసారీ చెల్లెలి నికాహ్ ఖర్చు ప్రస్తావన తెచ్చేవారు. దాంతో కుర్రవాడు రాత్రులు గిడ్డంగిలో పెట్టెలు మోయడానికి చేరాడు. విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి దినాలు లేదా 280 అర్ధ దినాలు మాత్రమే పనిచేయవచ్చునన్న పరిమితికి లోబడే చేశాడు గాని, పగలు నిద్ర వల్ల తరగతులు పోయాయి. ఫోనులో కెమెరా పాడైందని చెప్పి ముఖం చూపించడం మానేశాడు. పద్నాలుగు నెలలు ఇలాగే గడిచాయి. చివరకు చెల్లెలే పసిగట్టి, ఒంటరిగా ఫోను చేసి అడిగితే ఏడ్చాడు.

ఆ రాత్రి తండ్రి ఫోను అందుకుని అన్న మాట ఆయనే మాతో చెప్పారు. "డబ్బు పోతే పోయింది బేటా, నువ్వు ఉన్నావు కదా. ఇప్పుడు ఏం చేయాలో మీ కాలేజీ వాళ్ళనే అడుగు." కుర్రవాడు మర్నాడు విద్యార్థి సంక్షేమ సంస్థ నడిపే సలహా కేంద్రానికి వెళ్ళాడు. అటువంటి మానసిక, సామాజిక సలహా కేంద్రాలు జర్మనీలోని విశ్వవిద్యాలయ నగరాలలో విద్యార్థుల కోసమే ఉన్నాయని అతడికి అంతవరకు తెలియదు. బెర్లిన్‌లో ముస్లింల కోసం ముస్లింలే నడిపే ఓదార్పు ఫోను సేవ కూడా 2009 నుంచి పనిచేస్తోంది. అతడు పని గంటలు తగ్గించుకున్నాడు, మూడవసారి పరీక్ష గట్టెక్కాడు. థీసిస్ ఇంకా మిగిలే ఉంది.

మేము ఆ తల్లిదండ్రులను తప్పుపట్టడం లేదు. వారు అడిగినవన్నీ ప్రేమతో అడిగినవే. కాని బిడ్డ అబద్ధం చెప్పక తప్పని ప్రశ్నలు అవి. ఫలితాలు, సంపాదన, పెళ్ళి సంబంధాలు లేని ఒక ఫోను వారానికి ఒకసారైనా ఉండాలి. ఓడిపోయినా ఇంటి తలుపు తెరిచే ఉంటుందని వెళ్ళేముందే బిడ్డకు నోటితో చెప్పాలి. ఆడపిల్లల విషయంలో ఇది మరింత అవసరం. ఇబ్బంది చెబితే వెంటనే వెనక్కి పిలిపిస్తారన్న భయంతో వారు ఎక్కువ దాచుకుంటారు. పాస్‌పోర్టు పోవడం, ప్రమాదం, ఆసుపత్రి వంటి ఆపదలలో బెర్లిన్‌లోని భారత రాయబార కార్యాలయం, హాంబర్గ్, ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్‌లలోని కాన్సులేట్లు ఉన్నాయి. విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో కుటుంబ సభ్యులు ఇక్కడి నుంచే ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

దారి చూపడంలో మన నేల మీద పుట్టిన ఒక పెద్దమనిషి ఆదర్శం మనకు ఉంది. 1908లో హైదరాబాదులో జన్మించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ ఉస్మానియాలో చదివి, జర్మనీలోని బాన్‌లోను, తరువాత పారిస్‌లోను డాక్టరేట్లు పొందారు. 1948 తరువాత దశాబ్దాల పాటు పారిస్‌లోనే ఉండిపోయారు. ఫ్రెంచి భాషలో ఆయన చేసిన ఖుర్ఆన్ అనువాదం 1959లో వెలువడింది. అంతటి పండితుడు 1960లలో అక్కడ ముస్లిం విద్యార్థుల సంఘం ఏర్పాటుకు తోడ్పడి, కుర్రవాళ్ళ మధ్య కూర్చుని వారికి బోధిస్తూ వచ్చారు. ఇప్పుడు జర్మనీలో ఉద్యోగాలలో స్థిరపడిన మన యువకులు అంత పాండిత్యం లేకున్నా కొన్ని పనులు చేయగలరు. కొత్తగా వచ్చినవాడికి రెండు వారాలు నేల మీద పరుపు వేయగలరు, ఒక గదిని వెళ్ళి చూసి చెప్పగలరు, ఒక జర్మన్ ఉత్తరాన్ని చదివి పెట్టగలరు.

వారి ఫోను నంబర్లు మన మస్జిద్‌ల దగ్గర ఉండాలి. ఏ ఊరి నుంచి ఎవరు వెళ్ళారో, ఏ నగరంలో ఉన్నారో ఒక పుస్తకంలో వ్రాసి పెట్టడానికి కమిటీవారికి ఒక జుమా చాలు. అక్టోబరు సెమిస్టర్‌కు వెళ్ళదలచిన పిల్లలు వసతి గృహాలకు దరఖాస్తు పెట్టడం, జర్మన్ నేర్చుకోవడం, కనీసం అన్నం, పప్పు వండుకోవడం నేర్చుకోవడం వేసవిలోనే మొదలుపెట్టాలి. పచ్చడి పెట్టేవారు మాంసం బదులు గోంగూర పెట్టండి.