ఆయాసం ఉన్నవారికి వ్యాయామం: ఆస్పత్రిలోనా, ఇంట్లోనా?

మెట్లెక్కితే ఆయాసం వస్తోందని మావగారు అన్నారనుకోండి. వెంటనే ఆయన మంచం కింది వాటాలోకి మార్చేస్తాం. మంచినీళ్లు, పేపరు, మాత్రలు అన్నీ కూర్చున్నచోటికే అందిస్తాం. ప్రేమతోనే చేస్తాం, కాదనను. కానీ ఊపిరితిత్తుల్లో దీర్ఘకాలపు జబ్బు, అంటే డాక్టర్లు సి.ఓ.పి.డి. అనేది ఉన్నవారికి ఈ సేవ మేలు చెయ్యదు. ఆయాసమని కూర్చుంటే తొడల్లో, పిక్కల్లో కండ కరుగుతుంది. బలం తగ్గిన కాళ్లు నాలుగడుగులకే అలిసిపోయి, ఇంకా గాలి కావాలంటాయి. ఆయాసం పెరుగుతుంది. పెరిగింది కదా అని మనిషి ఇంకా కూర్చుండిపోతాడు.

పాడైన ఊపిరితిత్తిని వ్యాయామం బాగుచెయ్యదు. కాళ్లకు బలమిస్తుంది, అంతే. ఉన్న ఊపిరితోనే మరికొంత దూరం నడిపిస్తుంది. స్నానానికి ఒకరి సాయం కావాల్సినవారికి అది చిన్న విషయమా చెప్పండి?

పల్మనరీ రిహాబిలిటేషన్ అనే ఈ శిక్షణ సాధారణంగా వారానికి రెండు మూడుసార్లు, ఆరు నుంచి పన్నెండు వారాలు ఉంటుంది. మొదట ఆరు నిమిషాల్లో ఎన్ని మీటర్లు నడవగలరో కొలుస్తారు. ఆ తర్వాత నడక, సైకిలు తొక్కడం, చేతులకు చిన్న బరువులు, పెదవులు ఈల వేసేటట్టు పెట్టి మెల్లగా గాలి వదలడం. చివర్లో మళ్లీ నడిపించి కొలుస్తారు.

చిక్కల్లా రాకపోకలతోనే. వారానికి మూడుసార్లు ఆటో మాట్లాడుకుని, తోడు ఒకరిని వెతుక్కుని ఎన్నాళ్లు తిరుగుతారు? అందుకే ఫోనులోనో కంప్యూటరులోనో చేయించే పద్ధతి వచ్చింది. దీనిమీద కాక్రేన్ సంస్థ 2021లో 15 అధ్యయనాలు, దాదాపు 1,900 మంది వివరాలు కలిపి చూసింది. నడకలో, ఆయాసంలో కనిపించిన మార్పు రెండు పద్ధతుల్లోనూ ఇంచుమించు ఒక్కటే. శిక్షణ పూర్తిచేసినవారు మాత్రం కేంద్రానికి వెళ్లినవారిలో నూటికి 70 మంది అయితే, దూరం నుంచి నేర్చుకున్నవారిలో 93 మంది.

అలాగని ఎవరో పెట్టిన వీడియో చూసి మొదలుపెట్టకండి. మొదటి పరీక్ష డాక్టరుగారి దగ్గర ఎదురుగానే జరగాలి. గుండెజబ్బు ఉన్నా, తూలిపడే అలవాటున్నా, ఆక్సిజన్ పెట్టుకుంటున్నా ఆస్పత్రే నయమని నా అభిప్రాయం. ఇంట్లో చేసేవారు, ఫిజియోథెరపిస్టు అవతల నుంచి చూస్తూ మాట్లాడే పద్ధతిని ఎంచుకోండి. మనిషి తల నుంచి పాదాల దాకా కనబడేటట్టు ఫోను పెట్టండి. కుర్చీ గోడకు ఆనించండి. వేలికి ఆక్సిమీటరు పెట్టేముందు గోళ్లరంగు తీసెయ్యండి. చాలాచోట్ల 88 కంటే దిగితే ఆగమంటారు. మీవారి అంకె ఎంతో అడిగి రాసిపెట్టుకోండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే అంకె చూడనక్కర్లేదు, ఆపెయ్యడమే.

ఇంటి పద్ధతిలో లేనిది తోటివారి సావాసం. తనలాగే ఆయాసపడుతూ నడుస్తున్న మరో పెద్దాయన్ని చూస్తే వచ్చే ధైర్యం ఫోనులో అంతగా రాదు.

ఇంకో సంగతి. ఈ జబ్బు చుట్ట, సిగరెట్టు కాల్చిన మగవాళ్లదే అనుకుంటాం. ఏళ్లతరబడి కట్టెలపొయ్యి ఊదిన అత్తగారికీ, అమ్మకూ కూడా వస్తుంది. వాళ్ల ఆయాసాన్ని వయసు కింద కట్టేసి ఊరుకుంటాం. ఆడవాళ్లు ఇంట్లో శిక్షణకి కూర్చుంటే ఇంకో ఇబ్బంది. మధ్యలో కుక్కరు కూస్తుంది, పాలవాడు పిలుస్తాడు, లేచి వెళ్లిపోతారు. ఆ గంటసేపు వంటింటి పని ఇంకెవరైనా చూసేటట్టు ముందే మాట్లాడుకోండి.