శిశువిద్య: మన పాత నమ్మకములు

మొక్కై వంగనిది మ్రానై వంగునా యని మనవారు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. శిశువు వంచవలసిన వస్తువను నమ్మకమొకటి ఈ సామెతలో దాగియున్నది. పూర్వపు వీధిబడులలోని కోదండము, గోడకుర్చీ, తొడపాశము ఆ నమ్మకమునుండి పుట్టినవే. వానిని తలచుకొని మనమిప్పుడు నవ్వుకొనుచున్నాము. కాని వానికి మూలమైన నమ్మకమును విడిచితిమా? విడువలేదనియే మా యభిప్రాయము.

ఆ నమ్మకమును కదల్చినవారిలో ఇటలీదేశపు వైద్యురాలు మరియా మాంటిసోరీ ముఖ్యురాలు. 1907 జనవరి 6వ తేదీన రోమునగరమున, సాన్ లోరెంజో పేటలో, కూలివారి బిడ్డలకొరకు ఆమె శిశుగృహమును తెఱచెను. బోధించుటకు ముందు గమనించుట ఆమె పద్ధతి. మూడేండ్ల బాలిక యొకతె గుండ్రని కొయ్యముక్కలను వాని వాని గుంటలలో అమర్చుచుండగా ఆమె చూచినది. చుట్టునున్న పిల్లలు పాడినను, తన్ను కుర్చీతో కూడ ఎత్తి బల్లపై నుంచినను లెక్కచేయక, ఆ బాలిక నలువదిసార్లకు మించి అదే పనిని మరల మరల చేసినదట. బెత్తము లేదు, బహుమానమును లేదు. పనియే ఆ బిడ్డకు బహుమానమయ్యెను.

ఇది మనకు దూరపుకథ కాదు. 1939లో మాంటిసోరీ చెన్నపట్టణమునకు వచ్చి, అడయారు దివ్యజ్ఞానసమాజపు ఆవరణమున ఉపాధ్యాయులకు శిక్షణ ప్రారంభించెను. మూడువందలకు పైబడినవారు ఆ తరగతులకు చేరిరి. 1940లో ఇటలీ యుద్ధమునకు దిగగా బ్రిటిషు ప్రభుత్వము ఆమె కుమారుని నిర్బంధించి, ఆమె సంచారమునకును హద్దులు విధించినది. ఆ యేటి ఆగస్టు 31న, ఆమె డెబ్బదవ జన్మదినమున, కుమారుని విడుదల చేసిరి. అయినను ఆమె 1946 వఱకు ఈ దేశముననే నిలిచి బోధించెను. పుట్టినది మొదలు ఆఱేండ్ల వఱకు శిశువు తన చుట్టునున్న లోకమును తానే తనలోనికి గ్రహించుకొనునని ఆమె చెప్పిన గ్రంథము 1949లో అడయారునుండియే వెలువడినది.

ఇందులకు సాక్ష్యము మన యిండ్లలోనే కలదు. ఈ నగరమున స్థిరపడిన తెలుగు కుటుంబములోని బిడ్డ, అమ్మమ్మ ఒడిలో తెలుగును, వీధిలోని తోడిపిల్లలతో తమిళమును నేర్చుచున్నాడు. ఏ గురువును కూర్చుండబెట్టి చెప్పలేదు. ఎవరును పరీక్ష పెట్టలేదు. అయినను ఎవరితో ఏ భాష మాటలాడవలెనో వాడెఱుగును. అట్టి బిడ్డను బడిలో చేర్చిన మఱునాటినుండియే వీనికేమియు రాదని మనము బెంగపడుచున్నాము.

చదువు ఉద్యోగమునకు గాక మఱి దేనికని వకీలో, వైద్యుడో, ఇంజనీరో అగు తండ్రి ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్నను మేము తేలికగా త్రోసివేయము. మనలో పెక్కు కుటుంబములు చదువు బలముననే ఈ పట్టణమున నిలద్రొక్కుకొన్నవి. కాని జీవనోపాధి విద్యాఫలములలో నొకటి. అదియే సర్వస్వమని మూడేండ్ల పసివానిని పందెమునకు దింపుట న్యాయమా? కూలివారి బిడ్డలకై పుట్టిన పద్ధతి నేడు పెక్కుచోట్ల అధికరుసుముల బడులకు పేరుపలకయైనది. ఆ పేరుపలక క్రిందనే వేళ్ళు నొచ్చునట్లు పసివాండ్రచేత అక్షరములు దిద్దించు బడులును కలవు.

2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము, 17వ సెక్షనున, బడిపిల్లలను కొట్టుటను, మానసికముగ వేధించుటను నిషేధించినది. చట్టము బడిగుమ్మము వఱకే పోగలదు. సాయంకాలము ఇంట మార్కులపట్టిక ముందుంచుకొని, ప్రక్కింటి బిడ్డతో పోల్చి మనము చేయు అవమానమును అది ఆపజాలదు. దానిని ఆపవలసినవారము మనమే.

కావున తలిదండ్రులకు మా విన్నపమొక్కటి. బడిని ఎన్నుకొనునపుడు ఉత్తీర్ణుల సంఖ్య నడుగుటకు ముందు, అనుమతి గైకొని తరగతిలో కొంతసేపు కూర్చుండుడు. అచ్చట పిల్లలు మౌనముగా నున్నచో, అది యెట్టి మౌనమో పరికింపుడు. పనిలో మునిగిన బిడ్డ మౌనము వేఱు. బెదరిన బిడ్డ మౌనము వేఱు. ఈ భేదము నెఱిగిన తలిదండ్రులు పెరిగిననాడు బడులును మారక తప్పదు.