ఉక్కు చక్రము, బొగ్గు బండి: కోనీ ఐలండులో ఒక పగలు

విశాఖపట్టణవాసి ఏ సముద్రతీరమునకు పోయినను ముందుగా చేయు పని దానిని రామకృష్ణా బీచితో పోల్చి తక్కువచేయుట. న్యూయార్కు మహానగరపు దక్షిణపుటంచున, అట్లాంటిక్ సముద్రపుటొడ్డున నున్న కోనీ ఐలండునందు మా అక్కయ్యయు ఆ ఆచారమును తప్పలేదు. “ఇసుక బాగానే ఉంది, కొండేదిరా?” అని అడిగినది. డాల్ఫిన్స్ నోస్ లేని సముద్రము ఆమెకు సముద్రమే కాదు. న్యూజెర్సీలోని ఎడిసన్ పట్టణమున కాపురమున్న మేనకోడలు మమ్ములనందరిని వెంటబెట్టుకొని, రైలు దిగి సబ్‌వే ఎక్కించి, ఏ తొందరయు లేక అచటికి చేర్చినది. పులిహోర డబ్బా అక్కయ్య ఒడిలోనే యుండెను.

ఈ వినోదస్థలపు చరిత్ర ఐదు సెంట్ల నాణెముతో ముడిపడినది. 1920లో సబ్‌వే రైలు ఇచటికి ఐదు సెంట్లకే రా మొదలిడినంత, రేవులలో బరువులు మోయువారును, కుట్టుపని చేయువారును, నిన్న మొన్న ఓడ దిగిన పరదేశులును ఆదివారములందు ఈ ఇసుకను కప్పివేసిరి. అంతకు పూర్వమే స్టీపుల్‌చేజ్ 1897లోను, లూనా పార్కు 1903లోను, డ్రీమ్‌లాండు మరుసటి యేటను వినోదవనములుగ వెలసియున్నవి. పల్లెలలో కిరసనాయిలు దీపములు వెలుగుచున్న ఆ కాలమున లూనా పార్కు రెండున్నర లక్షల విద్యుద్దీపములు వెలిగించినదనిన ఆ వైభవమెట్టిదో ఊహించుకొనవచ్చును. అన్నియు కొయ్యతోను సున్నపుపూతతోను కట్టిన మాయానగరములగుటచే అగ్నికి సులభముగ ఆహుతియైనవి. 1907లో స్టీపుల్‌చేజ్ కాలిపోగా, దాని యజమాని జార్జి టిల్యూ పొగలు గ్రక్కుచున్న శిథిలములను చూచుటకు పది సెంట్ల టిక్కెట్టు పెట్టెనట! వ్యాపారబుద్ధికి ఇంతకు మించిన తార్కాణము నాకు తెలియదు. నేటి లూనా పార్కు 2010లో ఆ పాత పేరు పెట్టుకొని వెలసినదే కాని ఆనాటిది కాదు.

మా బావగారు విశాఖ ఉక్కు కర్మాగారమున ‘గోదావరి’ బ్లాస్ట్ ఫర్నేసు కడ చిరకాలము పనిచేసి విశ్రాంతి పొందినవారు. ఆయన వండర్ వీల్ టిక్కెట్టు వరుసలో నిలువక, ఆ మహాచక్రము క్రిందికి పోయి, తలయెత్తి దూలముల అతుకులను పరీక్షింపసాగిరి. “ఇదెవరి ఉక్కమ్మా?” అని కూతురినడిగిరి. “బెత్లెహేమ్ స్టీల్ నాన్నగారూ” అనెను ఆమె. చార్లెస్ హర్మన్ రూపకల్పన చేయగా 1920లో తిరుగ మొదలిడిన ఈ చక్రము 150 అడుగుల ఎత్తు గలది. ఇరువదినాలుగు పెట్టెలలో ఎనిమిది మాత్రమే అంచున నిలకడగ వ్రేలాడుచుండును. తక్కిన పదునారును చక్రములోపలి వంపు పట్టాలపై, అది తిరిగినకొలది ఇటునుండి అటు హఠాత్తుగ జారుచుండును. ఈ సంగతి ఎరుగక జారుడుపెట్టెలో కూర్చున్న అక్కయ్య సింహాద్రి అప్పన్నను ఎలుగెత్తి పిలిచినది.

బెత్లెహేము ఊరి కొలుములు 1995లో చల్లారినవనియు, 2001లో ఆ సంస్థ దివాలాకు దరఖాస్తు పెట్టుకొన్నదనియు, మిగిలిన ఫర్నేసులు నేడు సంగీతసభల రంగస్థలమునకు వెనుక తెరవలె నిలిచియున్నవనియు మేనకోడలు చెప్పగా బావగారి ముఖము మారినది. 1966 నాటి ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ నినాదమును పసితనముననే విన్నవారు, 2021 నుండి ప్రైవేటీకరణ వార్తలను ప్రతిదినము చదువుచున్నవారు గదా! “మన గోదావరి ముందు పాటకచ్చేరి పెట్టనివ్వను” అనిరి.

అయినను, శ్రమకై పుట్టిన యంత్రము వినోదముగ మారుట ఈ తీరమున కొత్త కాదు. 1827లో పెన్సిల్వేనియాలోని మౌక్ చంక్ కొండపై నుండి లీహై నది రేవునకు బొగ్గు దించుటకు ఒక వాలుబాట వేసిరి. బండ్లు తమ బరువునకు తామే దిగును, ఖాళీ బండ్లను కంచరగాడిదలు పైకి లాగును, ఆ గాడిదలును మరల బండ్లలోనే దర్జాగ దిగును. క్రమముగ జనులు డబ్బిచ్చి సరదాకు ఎక్కసాగిరి. తుదకు బొగ్గు పోయి సరదాయే మిగిలినది. ఆ బాటను చూచి ప్రేరణ పొందిన లామార్కస్ థామ్సన్ 1884లో కోనీ ఐలండున ఐదు సెంట్లకు తన వాలు రైలును నడపెను; వేగము గంటకు ఆరు మైళ్లు. నేటి రోలర్ కోస్టర్లకు మూలపురుషుడదియే. మనకిది వింతయేల? బైలాడిలా ఇనుపఖనిజమును విశాఖ రేవునకు చేర్చి జపానునకు పంపుటకై కొత్తవలస–కిరండూల్ మార్గమును తొలిచిరి. ఆ సొరంగములలోనే 2017 నుండి అద్దాల విస్టాడోమ్ పెట్టెలలో కూర్చుండి అరకునకు పోవుచు కేరింతలు కొట్టుచున్నాము.

తీరమున నిటారుగ నిలిచిన పారాచ్యూట్ జంప్ స్తంభమును ఇట్టిదే. సైనికులకు శిక్షణ నిచ్చుటకై జేమ్స్ స్ట్రాంగ్ అను నౌకాదళ విశ్రాంతోద్యోగి కల్పించిన సాధనమది. 1939 ప్రపంచ ప్రదర్శనమున జనులను దింపి, 1941లో ఇచటికి చేరినది. 1960 దశకముననే పని మానినను రాత్రులందు దీపాలంకృతమై వెలుగుచుండును. మన కురుసుర జలాంతర్గామి 2001లో కొలువు చాలించి, మరుసటి యేట ఇసుకపై ప్రదర్శనశాలగ మారుట ఇచట గుర్తుకు రాక మానదు.

సైక్లోన్ మాత్రము నేటికిని కొలువులోనే యున్నది. థామ్సన్ రైలు నడచిన చోటనే 1927లో లేచిన ఈ కోస్టరుకు ఆధారము ఉక్కు, పట్టాల బాట కొయ్య; 85 అడుగుల శిఖరమునుండి గంటకు 60 మైళ్ల వేగమున దూకి, రెండు నిముషములైన గడువకమునుపే దింపివేయును. మనుమని వెంట బావగారు ఎక్కిరి. కళ్లజోళ్లను కాపాడు భారమును నేను వహించితిని. దిగిన పిమ్మట, బాటను ప్రతి ఉదయము మనుష్యులు నడచి పరీక్షింతురనియు, అక్టోబరు ముగియగానే మూసి వసంతమువరకు మరమ్మతులు చేయుదురనియు విని, “అంటే క్యాపిటల్ రిపేరన్నమాట!” అని తమ ఫర్నేసు పరిభాషలో పలికి సంతృప్తితో తలయూచిరి. కాన సంక్రాంతి ముగించుకొని విమానమెక్కువారు ఈ సవారీల కొరకు చైత్రము వరకైన ఆగవలెను.