హోరు వెనుక శ్రద్ధ: ఆల్టర్నేటివ్ రాక్‌పై అపోహలు – వాస్తవాలు

“రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టుంది, ఆపరా!” కాలేజీ రోజుల్లో నేను టేప్‌రికార్డర్‌లో నిర్వాణ బ్యాండ్ క్యాసెట్ పెట్టినప్పుడల్లా అమ్మ అనే మాట ఇది. అమ్మను తప్పుపట్టలేను. ఘంటసాల పాటతో తెల్లవారే ఇంట్లో ఎలక్ట్రిక్ గిటార్ హోరు మొదటిసారి అలాగే వినిపిస్తుంది. నేను మాత్రం ఆ క్యాసెట్ అరిగిపోయేదాకా విన్నాను. దాని వెంటే పిక్సీస్, ఆర్.ఇ.ఎం., రేడియోహెడ్, పీజే హార్వీ ఒక్కొక్కరే నా రోజుల్లోకి వచ్చి స్థిరపడిపోయారు. ఇవాళ్టికీ ఒక గంటైనా వాళ్లను వినకపోతే ఏదో వెలితిగా ఉంటుంది.

ఆల్టర్నేటివ్ రాక్ అనే ఈ సంగీతం ప్రస్తావన వస్తే మిత్రులు, బంధువులు, మా ఇంటి పిల్లలు కూడా కొన్ని మాటలు తడుముకోకుండా అనేస్తారు. వాటిలో సగం నిజాలు కొన్ని, పూర్తి అపోహలు కొన్ని. నేను ప్రాణంగా చూసుకునే ఆల్బమ్‌లనే సాక్ష్యంగా పెట్టి వాటిని ఒక్కొక్కటిగా సరిచేస్తాను.

అపోహ 1: ఆల్టర్నేటివ్ రాక్ 1991లో నిర్వాణతో పుట్టింది.

వాస్తవం: ఆ ఏడాది అది ఊరందరి ఇళ్లకూ చేరింది. పుట్టడం చాలా ముందే జరిగింది. నిర్వాణ రెండో ఆల్బమ్ ‘నెవర్‌మైండ్’ 1991 సెప్టెంబర్ 24న విడుదలైంది. అమెరికాలో మొదట దుకాణాలకు పంపినవి సుమారు 46 వేల కాపీలే. 1992 జనవరికల్లా అది మైకేల్ జాక్సన్ ‘డేంజరస్’ను దించి బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల పట్టికలో మొదటి స్థానంలో కూర్చుంది. అంత పెద్ద అలను చూసినవాళ్లకు సముద్రం అక్కడే మొదలైందని అనిపించడం సహజం.

కానీ లెక్క చూడండి. ఆర్.ఇ.ఎం. 1980లోనే జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్ అనే యూనివర్సిటీ పట్టణంలో మొదలైంది. వాళ్ల తొలి ఆల్బమ్ ‘మర్మర్’ను రోలింగ్ స్టోన్ పత్రిక 1983కు మేటి ఆల్బమ్‌గా ఎంచుకుంది. న్యూయార్క్‌లో సోనిక్ యూత్ 1981 నుంచీ వాయిస్తూనే ఉంది. ఇలాంటి పాటల కోసం బిల్‌బోర్డ్ 1988లో ప్రత్యేక పట్టికే పెట్టింది. గ్రామీ వేదిక మీద ఈ సంగీతానికి విడిగా తొలి అవార్డు ఇచ్చింది 1991 ఫిబ్రవరిలో, అంటే ‘నెవర్‌మైండ్’ రావడానికి ఏడు నెలల ముందు. అది ఐర్లండ్ గాయని షినేడ్ ఓకానర్‌కు దక్కింది, ఆమె దాన్ని తిరస్కరించింది. అవార్డు పెట్టేంతగా ఎదిగిన సంగీతం ఆ తర్వాత పుట్టడం ఎలా సాధ్యం?

అపోహ 2: ‘ఆల్టర్నేటివ్’ అంటే ఒక తరహా శబ్దం.

వాస్తవం: అది శబ్దం పేరు కంటే దారి పేరు. పెద్ద కంపెనీలు, పెద్ద రేడియో స్టేషన్లు పట్టించుకోని బ్యాండ్లు 1980లలో చిన్న చిన్న లేబుళ్ల దగ్గర రికార్డులు వేసుకున్నాయి. విద్యార్థులు నడిపే కాలేజీ రేడియోలు వాటిని వినిపించాయి. మన నాటక సమాజాల్లాగే వాళ్లూ సామాను వ్యానులో వేసుకుని ఊరూరా తిరిగారు. నిర్వాణ తొలి ఆల్బమ్ ‘బ్లీచ్’ 1989లో అలాగే వచ్చింది. దాని రికార్డింగ్‌కు అయిన ఖర్చు దాదాపు 606 డాలర్లు. ఈ దారిన వచ్చినవాళ్లలో గలగలమనే గిటార్ల ఆర్.ఇ.ఎం. ఉంది, పొగమంచులాంటి ధ్వనుల మై బ్లడీ వాలెంటైన్ ఉంది. రెండింటినీ పక్కపక్కన వింటే ఒకే గాటన కట్టలేం.

అపోహ 3: వాయించడం రానివాళ్లు అరుస్తారు, అదే ఈ సంగీతం.

వాస్తవం: అమ్మ మాటకు నా సుదీర్ఘమైన జవాబు ఇక్కడుంది. ‘నెవర్‌మైండ్’లో ‘సంథింగ్ ఇన్ ద వే’ అనే పాట వినండి. నిర్వాణ గాయకుడు కర్ట్ కోబేన్ దాన్ని స్టూడియో కంట్రోల్ రూమ్‌లో సోఫా మీద పడుకుని, గొణుగుతున్నంత మెల్లగా పాడాడు. నిర్మాత బుచ్ విగ్ ఆ మెత్తదనం చెదరకుండా అక్కడే మైకులు పెట్టి రికార్డు చేశాడు. తర్వాత దాని మీద చెల్లో వాయిద్యం చేర్చారు. అరుపులకు పేరుపడ్డ ఆల్బమ్‌లో ఊపిరి కూడా వినిపించే పాట అది.

మెల్లగా సాగే చరణం, ఒక్కసారిగా విరుచుకుపడే పల్లవి అనే కట్టుబడిని ఆయుధంగా మలిచింది బోస్టన్ బ్యాండ్ పిక్సీస్. 1988లో ‘సర్ఫర్ రోసా’, 1989లో ‘డూలిటిల్’ వచ్చాయి. నిర్వాణ పాట ‘స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్’ కట్టేటప్పుడు తాను పిక్సీస్‌నే అనుకరించబోయానని కోబేన్ స్వయంగా ఒప్పుకున్నాడు. హోరు మన గుండెను తాకేది దాని ముందున్న నిశ్శబ్దం వల్లే. ఎంతసేపు ఆగాలో, ఎక్కడ విడిచిపెట్టాలో తెలియనివాళ్లకు ఆ పాటలు కుదరవు.

ఇక మై బ్లడీ వాలెంటైన్ వాళ్ల ‘లవ్‌లెస్’. ఈ ఆల్బమ్ 1991 నవంబర్‌లో వచ్చింది. దీని తయారీకి దాదాపు రెండేళ్లు, 19 స్టూడియోలు పట్టాయి. అందులో వందల గిటార్లు ఒకదాని మీద ఒకటి పేర్చారని చాలామంది అనుకుంటారు. ఆ బ్యాండ్ గిటారిస్టు కెవిన్ షీల్డ్స్ ఆ మాటను ఖండించాడు. చాలా పాటల్లో గిటార్ ట్రాకులు కొద్దే. రహస్యం అతని చేతిలో ఉంది. గిటార్ మీదుండే ట్రెమొలో కడ్డీని పట్టుకునే తీగలు మీటుతాడు. దాంతో స్వరం ఒకచోట నిలవకుండా వంగుతూ, లేస్తూ, ఊగుతూ ఉంటుంది. గమకానికి అలవాటుపడిన తెలుగు చెవికి ఆ ఊగిసలాట పరాయిదిగా తోచదు. సంప్రదాయం వేరు, వ్యాకరణం వేరు. స్వరాన్ని నిలబెట్టడం చాలదు, కదిలించాలి అన్న తపన మాత్రం ఒకటే.

రేడియోహెడ్ గిటారిస్టు జానీ గ్రీన్‌వుడ్ బడిలో వయోలా నేర్చుకున్నవాడు. ‘ఫాంటమ్ థ్రెడ్’ సినిమా సంగీతానికి ఆస్కార్ నామినేషన్ పొందాడు. 2015లో మన జోధ్‌పూర్ మెహరాన్‌గఢ్ కోటలో రాజస్థానీ కళాకారులతో కూర్చుని ‘జునూన్’ ఆల్బమ్‌కు వాయించాడు. ఇలాంటివాళ్లను వాయించడం రానివాళ్లనడం అన్యాయం.

అపోహ 4: ఆర్.ఇ.ఎం. ‘లూజింగ్ మై రెలిజియన్’ మతాన్ని ధిక్కరించే పాట.

వాస్తవం: అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఆ మాట ఒక నానుడి. సహనం నశించింది, ఇక నా వల్ల కాదు అన్న అర్థంలో వాడతారు. మనం ‘ప్రాణం విసిగిపోయింది’ అన్నప్పుడు చావు గురించి మాట్లాడటం లేదు కదా, అలాగే ఇదీ. ఎదుటివాళ్ల మనసులో ఏముందో తెలియక కొట్టుమిట్టాడే మనిషి పాట అది. 1991లో ‘అవుట్ ఆఫ్ టైమ్’ ఆల్బమ్‌లో వచ్చింది.

దాని పుట్టుక నాకు మరీ ఇష్టం. ఆ బ్యాండ్ గిటారిస్టు పీటర్ బక్ మాండొలిన్ కొనుక్కుని కొత్తగా నేర్చుకుంటున్నాడు. ఆ సాధనలో దొర్లిన వరసే ఈ పాటకు ఆధారమైంది. ఒకరోజు ఇది మోగుతుంటే వంటింట్లోంచి అమ్మ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. “మాండొలిన్ కదూ?” అంది. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ కచేరీలు రేడియోలో వదలకుండా వినే మనిషి తను. ఆ రోజు ఆపమనలేదు. పాట పూర్తయ్యేదాకా అక్కడే ఉంది.

ఈ పాట వీడియోకు దర్శకుడు జలంధర్‌లో పుట్టిన తర్సేమ్ సింగ్. క్రైస్తవ చిత్రాలతో పాటు మన దేవుళ్ల పటాలను తలపించే దృశ్యాలూ అందులో ఉన్నాయి. దానికి 1991లో ఆరు ఎంటీవీ అవార్డులు వచ్చాయి.

అపోహ 5: ‘జాంబీ’ దెయ్యాల పాట.

వాస్తవం: 1993 మార్చి 20న ఇంగ్లండ్‌లోని వారింగ్టన్ బజారులో ఐఆర్ఏ (ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ) చెత్తడబ్బాల్లో దాచిన బాంబులు పేలాయి. మూడేళ్ల బాలుడు, పన్నెండేళ్ల బాలుడు బలయ్యారు. ఐర్లండ్‌లోని లిమెరిక్ నుంచి వచ్చిన క్రాన్‌బెర్రీస్ బ్యాండ్ గాయని డోలోరెస్ ఓరియోర్డన్ ఆ పసివాళ్ల కోసం ఈ పాట రాసింది. 1994లో విడుదలైంది. ఆమె గొంతు విరిగినట్టు, జీరపోయినట్టు పలికే చోట విన్యాసం ఏమీ లేదు. బిడ్డను పోగొట్టుకున్న ఇంటి ముందు నిలబడిన మనిషి గొంతు అది. పార్టీలో గెంతుతూ ఈ పాట పాడేవాళ్లకు ఈ సంగతి ఒక్కసారి చెప్పండి. తర్వాత వాళ్లే వేరుగా వింటారు.

అపోహ 6: ఇది మగపిల్లల సంగీతం.

వాస్తవం: పిక్సీస్ బేస్ గిటారిస్టు కావాలని పత్రికలో ప్రకటన ఇస్తే స్పందించింది కిమ్ డీల్ ఒక్కతే. అప్పటికి ఆమెకు బేస్ వాయించిన అనుభవమే లేదు. ఆ బ్యాండ్‌కు వెన్నెముకగా నిలిచింది. 1993లో కవల సోదరి కెల్లీతో కలిసి ‘ద బ్రీడర్స్’ బ్యాండ్ తరఫున ‘లాస్ట్ స్ప్లాష్’ అందించింది. సోనిక్ యూత్‌లో కిమ్ గోర్డన్ మొదటి నుంచీ ఉంది. బ్రిటన్‌లో ఏటా మేటి ఆల్బమ్‌కు ఇచ్చే మెర్క్యురీ బహుమతిని 2001, 2011లలో రెండుసార్లు గెలిచింది పీజే హార్వీ. రెండోసారి గెలిపించిన ‘లెట్ ఇంగ్లండ్ షేక్’ యుద్ధంలో రాలిపోయిన సైనికుల గురించిన ఆల్బమ్. నా దృష్టిలో ఈ శతాబ్దంలో వచ్చిన గొప్ప రాక్ ఆల్బమ్‌లలో దానికి ముందు వరసలో చోటుంది.

అపోహ 7: పేరు, డబ్బు వస్తే నిజాయతీ పోయినట్టే.

వాస్తవం: నిర్వాణ ‘ఇన్ యుటెరో’ను 1993లో రికార్డు చేసిన స్టీవ్ ఆల్బినీ అమ్మకాల్లో వాటా వద్దన్నాడు. చేసిన పనికి కూలి చాలు, పాట మీద హక్కు బ్యాండ్‌దే అన్నది అతని నియమం. చివరిదాకా దానికే కట్టుబడ్డాడు. రేడియోహెడ్ 2007 అక్టోబర్‌లో ‘ఇన్ రెయిన్‌బోస్’ను ఇంటర్నెట్‌లో పెట్టి, మీకు తోచిన ధర ఇచ్చి తీసుకోండని శ్రోతలకే వదిలేసింది. కీర్తి శిఖరం మీద ఉన్నప్పుడే ఈ పనులు జరిగాయి.

అపోహ 8: ఈ పాటలు వింటే మనసు కుంగిపోతుంది.

వాస్తవం: దుఃఖం ఈ సంగీతంలో ఉంది. కోబేన్ 1994లో, 27 ఏళ్లకే ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ బాధ అభిమానులను ఇప్పటికీ వదల్లేదు. అయితే దుఃఖాన్ని పలకడం వేరు, దుఃఖంలోకి తోయడం వేరు. ఆర్.ఇ.ఎం. ‘ఎవ్రీబడీ హర్ట్స్’ చూడండి. ఎక్కువ భాగం డ్రమ్మర్ బిల్ బెర్రీ రాసిన పాట. లెడ్ జెప్పెలిన్ బ్యాండ్‌కు చెందిన జాన్ పాల్ జోన్స్ దానికి తీగవాయిద్యాలు సమకూర్చాడు. ఓడిపోయాననుకునే కుర్రకారుకు, ఆగు, నీ ఒక్కడికే కాదు ఈ నొప్పి అని చెప్పడానికే దాన్ని అంత సాదా మాటల్లో రాశారు. 2010లో హైతీ భూకంప బాధితుల కోసం పలువురు గాయకులు కలిసి మళ్లీ పాడింది ఈ పాటనే.

అపోహ 9: హిట్ పాట వింటే చాలు, బ్యాండ్ మొత్తం తెలిసిపోతుంది.

వాస్తవం: అన్నిటికంటే నష్టం చేసే అపోహ ఇది. 1992 నాటి ‘క్రీప్’ ఒక్కటి విని రేడియోహెడ్‌ను పక్కన పెట్టినవాళ్లు 1997లో ‘ఓకే కంప్యూటర్’ను, 2000లో గిటార్లను వెనక్కి నెట్టి యంత్రాల ధ్వనులతో కట్టిన ‘కిడ్ ఎ’ను పోగొట్టుకున్నారు. ఈ ఆల్బమ్‌లు హరికథలాంటివి. మధ్యలో ఒక పద్యం విని లేచిపోతే కథ అందదు. ఏ పాట తర్వాత ఏ పాట రావాలో కూడా వాళ్లు కూర్చుని నిర్ణయించుకున్నారు.

అందుకే మీకో విన్నపం. ‘ఎవ్రీబడీ హర్ట్స్’ ఉన్న 1992 ఆల్బమ్ ‘ఆటోమేటిక్ ఫర్ ద పీపుల్’తో మొదలుపెట్టండి. ఆ పేరు ఏథెన్స్ ఊళ్లోని ఒక చిన్న భోజనశాల నినాదం. భోంచేయడానికి వెళ్లిన చోటునుంచే బ్యాండ్ దాన్ని తెచ్చుకుంది. అందులో ఉన్నవి 12 పాటలు, మొత్తం 49 నిమిషాలు. ఇల్లు సద్దుమణిగాక, ఫోన్ పక్కన పెట్టి, మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరసగా వినండి.