మణికొండ నుండి గోలకొండకు పరుగుబాట

తెల్లవారుజామున మణికొండ వీధులలో బూట్లు తొడిగి పరుగెత్తు యువకులను చూచి, పొలము పని యుండగా ఈ వ్యాయామమేల యని మన గ్రామపెద్దలు నవ్వవచ్చును. దినమంతయు కుర్చీలో కూర్చుండి పనిచేయువారికి ఆ పరుగే పొలము.

వారిలో పలువురు ఖాజాగూడ గుట్టలకు పోవుదురు. అచటి గ్రానైటు శిల ఇంచుమించు 250 కోట్ల సంవత్సరముల నాటిది. ఆ గుండ్లను ఎవరును పేర్చలేదు. పగుళ్లలో నీరు దిగి, మెత్తబడిన భాగము వానలకు కొట్టుకొనిపోగా, మిగిలినవే ఒకదానిపై నొకటి నిలిచినవి. గుట్ట దిగునపుడు అడుగు చిన్నదిగా వేయవలెను. మోకాళ్లకు శ్రమ యెక్కువ దిగుటలోనే.

షేక్‌పేట మీదుగా సాగినచో కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటములు, ఆపై గోలకొండ బంజారా దర్వాజా వచ్చును. కోటగోడల నడుమ నేటికిని జనులు కాపురముండుటచే బాట తెరచియే యున్నది. 1687లో ఔరంగజేబు సేన ఎనిమిది మాసములు ముట్టడించి ప్రవేశించిన కోటలోనికి మన యువకుడు చెమట తుడుచుకొనుచు పోవును.

మణికొండ 2018 వరకు గ్రామపంచాయతీయే. పేరులోనే కొండ గల ఆ యూర భవనములకై పలు గుండ్లు పగులగొట్టబడినవి. పగిలిన గుట్టను ఏ తీర్మానమును మరల నిలుపజాలదు. కావున సభ్యులారా, మీ గ్రామపటములో బండ్లబాటలు, గుట్టలు, పోరంబోకు ఎచట గలవో నేడే చూచి, హద్దురాళ్లు నిలిచియున్నవో లేవో నడచి పరిశీలింపుడు. పటము లేనిచో నకలుకై తహసీల్దారు కార్యాలయమున విచారింపవచ్చును.